ఒకే మంద, ఒకే మేత, గుల్ల మాత్రం వేరే తొట్టి

నెల్లూరు జిల్లా కోవూరు పక్కన పెన్నా ఆయకట్టులో 20 పెట్టలు, 4 మగబాతులు ఉన్న కాకీ క్యాంప్‌బెల్ (గుడ్ల కోసం పెంచే బాతుల జాతి) మందను ఏడాది పొడుగునా మేపిన పద్ధతి ఇది. బాతులు మొండి ప్రాణాలే, పెంచడం కష్టం కాదు. ఆడామగా కలిపి మేపడంలోనే ఉంది చిక్కంతా. గుడ్లు పెట్టే పెట్టకు సున్నం, అంటే కాల్షియం, కావాలి, మగబాతుకు అంత అక్కర్లేదు. రెండూ మూతి పెట్టేది ఒకే తొట్టిలో.

గుడ్లు పెట్టే కోళ్లకు వేసే లేయర్ దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. పెట్ట దాన్ని పెంకులోకి పంపించేస్తుంది. మగబాతుకు ఆ దారి లేదు, మూత్రపిండాలే వడగట్టాలి. నెలల తరబడి అదే దాణా తింటే వాటిలో యూరేట్లు అనే తెల్లటి సుద్దలాంటి లవణాలు పేరుకుంటాయి. పైకి పెద్దగా ఏమీ కనపడదు. కాస్త బరువు తగ్గుతుంది, నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఒకరోజు పొద్దున చచ్చి పడి ఉంటుంది. ఇంకా గుడ్లకు రాని పిల్లలకూ ఇదే ప్రమాదం. అలాగని అన్నిటికీ ఎదిగే పిల్లలకు వేసే, కాల్షియం తక్కువున్న గ్రోయర్ దాణా ఒక్కటే వేస్తే పెట్ట తన ఎముకల్లోని సున్నం తీసి పెంకు కట్టుకుంటుంది. ముందు పెంకు గట్టిపడని తోలు గుడ్లు వస్తాయి, తర్వాత కాళ్లు పడిపోతాయి.

అందుకని మేతలో కాల్షియం ఒక శాతం దగ్గరే ఆపి, సముద్రపు చిప్పల గుల్లను విడిగా పెట్టాను. పెట్ట తనకు కావాల్సినంత తింటుంది, మగబాతు వాసన చూసి వదిలేస్తుంది. గుడ్ల మీదున్న పెట్టకు రోజుకు 8 నుంచి 10 గ్రాముల గుల్ల పడుతుంది, అంటే 20 పెట్టలకు వారానికి కిలో, కిలోన్నర. మన తీరంలో గుల్లకు కొదవ లేదు. రెండు మూడు నీళ్లలో కడిగి ఉప్పు వదిలించాలి, ఎండబెట్టాలి, పెసరగింజంత నలగ్గొట్టాలి. మరీ పిండి చేస్తే తినవు. కాల్చిన సున్నం మాత్రం పెట్టొద్దు, నోరూ గొంతూ కాలిపోతాయి. గుల్ల పక్కనే ఇంకో చిప్పలో ముతక ఇసుక ఉండాలి. గింజ అరగడానికి అది వేరే అవసరం.

దాదాపు 10 కిలోల మేతకు నేను కలిపే లెక్క: నూకలు 3 కిలోలు, మొక్కజొన్న రవ్వ 2, తవుడు 2, సోయా చెక్క 1.75, ఉప్పు వేయకుండా ఎండబెట్టిన చేపల పొడి 1 కిలో, ఖనిజ మిశ్రమం 200 గ్రాములు. మాంసకృత్తులు 18 శాతానికి అటూ ఇటూ వస్తాయి. చేప కిలో దాటితే గుడ్డు నీచు వాసన కొడుతుంది. కొనేటప్పుడు ఒక చేప నాలిక మీద పెట్టుకుని చూడాలి. కూరకు అమ్మే ఉప్పుచేప బాతులకు విషమే. నీళ్లు తెగ తాగి, రెట్ట పలచనై, పిల్లలైతే ఒక్క రోజులోనే పోతాయి. తవుడు నిలవుంటే ముక్కిపోతుంది కాబట్టి రెండు వారాలకు మించి కొనను.

వేరుశనగ చెక్క ఈ లెక్కలో ఎందుకు లేదంటే, దానికి బూజు పట్టడం తేలిక. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్‌కు కోళ్లకంటే బాతులు చాలా తొందరగా పడిపోతాయి. కోళ్లు తిని తిరుగుతున్నాయి కదా అని అదే బస్తా బాతులకు విప్పితే కాలేయం దెబ్బతిని వరసగా పోతాయి. తడిసిన మొక్కజొన్నదీ ఇదే కథ. కార్తీక మాసం వానల్లో బస్తాల కింద కొయ్య పలకలు వేసి, గోడకు జానెడు ఎడంగా పెట్టాలి.

బాతు పొడి మేత మింగలేదు, గొంతులో అడ్డం పడుతుంది. చేత్తో పిండితే ముద్దయ్యి, వదిలితే విరిగేంత తడి చాలు. కట్టేసి మేపితే ఒక్కోదానికి రోజుకు 120 నుంచి 150 గ్రాములు, అంటే మందకు సుమారు మూడు, మూడున్నర కిలోలు. రెండు పూటలుగా వేసి, గంటలో తినంది తీసేయాలి. ఎండాకాలం మధ్యాహ్నానికే పులిసిపోతుంది. నీళ్ల తొట్టి ఐదారు అడుగుల దూరంలో, ముక్కురంధ్రాలు మునిగేటట్టు అరడుగు లోతుండాలి. తల ముంచుకోలేని బాతుకు కళ్ల చుట్టూ పుసి కడుతుంది. మగవి ముందు దూరి మేత ఆక్రమిస్తాయి కాబట్టి ఒక పెద్ద తొట్టి కాకుండా మూడు పొడుగు తొట్లు దూరదూరంగా వేశాను.

20 పెట్టలకు 4 మగవే చాలు. ఆరేడు పెట్టలకు ఒక మగది ఉన్నా గుడ్లు పొదగడానికి పనికొస్తాయి. మగవి ఎక్కువైతే పెట్టల మెడ మీద, వీపు మీద ఈకలు ఊడి పుండ్లు పడతాయి. గుంటలో నాలుగు మగబాతులు ఒక్క పెట్ట మీద పడితే అది మునిగి చస్తుంది కూడా. అలాంటప్పుడు మగవాటినన్నిటినీ పదిహేను రోజులు పెట్టలు కనపడని దొడ్లో ఉంచాలి. కనపడితే అక్కడ వాటిలో అవే కొట్టుకుంటాయి. మగబాతులున్న చోట కోడిపెట్టలు కలవకూడదు. కోడిపుంజుకు లేని అంగం మగబాతుకుంది, ఎక్కితే కోడి లోపల చీరుకుపోతుంది. ఇది చాలామంది నమ్మరు.

ఒక రోజు వయసున్న పిల్లల్ని ఆడామగా విడదీయకుండా అమ్ముతారు, సగం మగవే వస్తాయి. 20 పెట్టలు కావాలంటే 40 పైన తీసుకోక తప్పదు. ఏడెనిమిది వారాలకు గొంతు తేడా తెలుస్తుంది: చేతికి తీసుకుంటే పెట్ట గట్టిగా అరుస్తుంది, మగది బొంగురుగా గరగరమంటుంది. తోక మీద ఈక మెలి తిరిగేదాకా ఆగితే నాలుగు నెలలు పడుతుంది, అప్పటికి మిగులు మగవాటికి వేసిన మేతంతా దండగ. గొంతు చూసి పది పన్నెండు వారాలకే అమ్మేయాలి. పిల్లలకు కోడిపిల్లల తొలి దాణా (స్టార్టర్) వేసేటట్టయితే అందులో నియాసిన్ అనే బి విటమిన్ చాలదు. కాళ్లు వంకర తిరిగితే కారణం చాలావరకు అదే. రెండో రోజు నుంచే ఈస్ట్ గానీ బీకాంప్లెక్స్ గానీ కలపాలి. ఎనిమిది వారాలు దాటాక పశువుల డాక్టరు చేత డక్ ప్లేగు అనే బాతుల వైరస్ జబ్బుకు టీకా వేయించాలి.

గుడ్లు దాదాపు అన్నీ పొద్దున తొమ్మిదిలోపే పెట్టేస్తాయి. ముందే వదిలితే గుడ్లు కయ్యల్లో వెతుక్కోవాలి. కోతలయ్యాక కయ్యల్లో రాలిన వడ్లు, నత్తలు దొరుకుతాయి, అప్పుడు సాయంత్రం ఒక్కోదానికి పిడికెడు, అంటే 50 గ్రాములు, వేస్తే సరి. పక్క కయ్యలో పురుగుమందు గుళికలు చల్లారా, మందు కొట్టారా అని రైతును అడగకుండా తోలకూడదు. మే నెలలో ఎండిపోతున్న గుంటలోకి అసలే వద్దు. కుళ్లిన చేపలూ వాటి పురుగులూ తింటే బొటులిజం అనే విషజబ్బు వచ్చి మెడ వాలేస్తాయి, కాళ్లు కదలవు. మొదటి బాతు మెడ వాల్చగానే మందనంతా ఆ గుంట నుంచి తప్పించి మంచినీళ్లు పెట్టాలి.

చలికాలం నేలపట్టు పక్షి కేంద్రం, పులికాట్ సరస్సు వైపు వలస పక్షులు దిగినన్నాళ్లు చెరువుకు తోలడం మానేస్తాను. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బ గ్రామాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ తేలింది. బాతు ఆ వైరస్‌ను పైకి తెలియకుండా మోసుకురాగలదు.

ఈకలు రాల్చే కాలం వచ్చిందని గుడ్ల బుట్టకంటే ముందు గుల్ల తొట్టి చెబుతుంది. వారానికి కిలో తగ్గే తొట్టి అలాగే నిండుగా కనపడితే పెట్టలు గుడ్లు ఆపబోతున్నాయని అర్థం. అప్పుడు మొక్కజొన్న అరకిలో తగ్గించి ఆ బరువుకు సోయా పెంచుతాను, కొత్త ఈకలకు మాంసకృత్తులే కావాలి. తొట్టిలో గుల్ల మళ్లీ తరగడం మొదలైతే పాత లెక్కకు వచ్చేస్తాను.