జీవాలు పొట్టి గడ్డికే ఎందుకు పోతాయి

పలమనేరు చుట్టుపక్కల ఊళ్లలో ముప్పై ఏళ్లు పశువులకు సూదులేసి, మందులు తాపి రిటైరైనవాణ్ణి. బీడు మంచిదా కాదా అని ఎవరడిగినా గడ్డి ఎత్తు చూసి చెప్పేవాణ్ణి. మోకాలెత్తు ఉంటే మంచి మేపు, నేలకు కరుచుకొని ఉంటే అయిపోయిన మేపు.

పోయిన ఎండాకాలం అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్లాం, కొలరాడోలోని బౌల్డర్. వాళ్లింటికి దగ్గర్లోని మైదానం నిండా మట్టి దిబ్బలు, వాటి మీద వెనక కాళ్లపై నిలబడ్డ ప్రెయిరీ డాగ్‌లు. పేరుకే కుక్క, జాతి ఉడుతది. కిలో బరువుంటుందేమో. మొరిగినట్టు అరుస్తాయి కాబట్టి ఆ పేరు. బొరియల చుట్టూ గడ్డి గొరిగినట్టుంది. తినడానికే కాదు, గద్దో నక్కో వస్తే దూరం నుంచే కనపడాలని పొడుగు మొక్కల్ని కొరికి పడేస్తాయట. మేపంతా పాడుచేశాయే అనుకున్నా. అక్కడి పశువుల రైతులూ అట్లే అనుకుని ఏళ్ల తరబడి విషం పెట్టి చంపారు.

కూతురు లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చిపెట్టింది. దక్షిణ డకోటాలో విండ్ కేవ్ అనే పార్కు ఉంది. అక్కడి బైసన్‌లు, అంటే అడవిదున్నల్లాంటి జంతువులు, చుట్టూ నిండుగా గడ్డి ఉన్నా ఈ ప్రెయిరీ డాగ్‌లు గుంపుగా బొరియలు తవ్వుకున్న కాలనీల అంచులకే వచ్చి మేస్తాయి. మళ్లీ మళ్లీ కొరికిన గడ్డి ఎప్పుడూ లేత ఆకే వేస్తుంది. అందులో మాంసకృత్తులు ఎక్కువ, పీచు తక్కువ, బాగా అరుగుతుంది. మోపు లెక్కన చూస్తే మాత్రం మేత తక్కువే. పాతబడ్డ కాలనీ నడిమధ్యలో గడ్డి పోయి కలుపు మొక్కలు మిగులుతాయి. ఈశాన్య కొలరాడోలో ఎదిగే కోడెల్ని తూచి చూశారు. మేపు భూమిలో 60 శాతం కాలనీలే అయితే బరువు పెరగడం సుమారు 14 శాతం తగ్గింది. అదే 20 శాతం అయితే నష్టం 5 శాతం చిల్లర. రైతుల కోపం ఉత్తదేం కాదు, కానీ కథ అంతటితో అయిపోలేదు.

కార్తీకంలో ఊరికొచ్చాక గొర్రెలు కాసే మా జీవాలాయనతో చెరువు వెనక గుట్టకు పోయినా. మందంతా నడుములెత్తు ఎండిన బోద గడ్డి దాటుకొని, నెల కిందట మేసిన గరిక మీదికే పోయింది. కథంతా చెబితే ఆయనేం ఆశ్చర్యపోలేదు.

"ముదురు గడ్డిని మూతితో పక్కకు తోసేస్తాయి సార్. కింద లేతది ఏరుకుంటాయి. ఈ మాటకు అంత దూరం పోవల్లా?"

పోవలసి వచ్చింది నాకు. ఇన్నేళ్లూ నేను చూసింది మందుల పెట్టెనే, జీవాల మూతుల్ని కాదు.

అట్లని నేలకంటా మేపకూడదు. వేర్లకు బలం లేకుండా చేస్తే గరిక కూడా ఓడిపోతుంది, ఆ జాగాలోకి వయ్యారిభామ, గొర్రెలు పెద్దగా ముట్టని తంగేడు వస్తాయి. కడుపు పురుగుల పిల్లలుండేది కూడా గడ్డి మొదట్లోనే. చెరువు అంచు తేమలో నత్తలుంటాయి, వాటితో కార్జపు జలగ. ఎన్ని గొర్రెలు పోయినాయో నా కళ్ల ముందే.

గుట్టను మూడు భాగాలు చేసి మార్చి మార్చి మేపమని అడిగినా. తూర్పు పక్క మూడు వారాలుగా వదిలేసినాడు. నిన్న పొద్దున పోయి చూస్తే లేత గరిక బెత్తెడు కూడా లేదు. ఇంకో వారం ఆగమన్నా.

"ఆగుతా సార్, కానీ అంతవరకు పడమటి పక్క చాలదు" అన్నాడు. ఈ వారానికి మా పెరట్లో అవిసె కొమ్మలు కొట్టుకొమ్మని చెప్పినా.