రెండుసార్లు మోగిన గజ్జెలు

నిన్న రాత్రి ఓపెన్ గ్రౌండ్‌లో కూచిపూడి ప్రోగ్రాం. టెక్నికల్ డైరెక్టర్‌ని నేనే. అంటే ఏం పనిరా అని మా పెద్దమ్మ ఇప్పటికీ అడుగుతుంది. "వైర్లు చూస్తా పెద్దమ్మా" అని తప్పించుకుంటా.

రిహార్సల్ నడుస్తుంటే వెనక కుర్చీల దాకా వెళ్లా. అక్కడ గజ్జెల చప్పుడు రెండేసి సార్లు వినిపిస్తోంది! స్టేజీ స్పీకర్లకీ, మధ్యలో కట్టిన టవర్ స్పీకర్లకీ దూరం 34 మీటర్లు. కేబుల్లో సిగ్నల్ రెప్పపాటులో వచ్చేస్తుంది, గాల్లో శబ్దం మాత్రం సెకనుకి దాదాపు 340 మీటర్లే. అందుకే టవర్ శబ్దం ముందు, స్టేజీ శబ్దం వెనక చేరుతోంది. టవర్లకి 100 మిల్లీసెకన్ల డిలే పెట్టించా, అంటే అంత ఆలస్యంగా మోగేలా. గజ్జెలు ఒక్కటయ్యాయి. ఆ క్షణం కోసమే ఈ ఉద్యోగం చేస్తున్నానేమో.

ఈలోగా ఎల్ఈడీ తెర గొడవ. అమ్మాయి పాదం స్టేజీ మీద పడ్డాక తెర మీద పడుతోంది. మూడు ఫ్రేములు లేటు, అంటే సెకనుకి 25 ఫ్రేముల లెక్కన 120 మిల్లీసెకన్లు. కెమెరా, ఏ కెమెరా బొమ్మ చూపాలో ఎంచే స్విచర్, బొమ్మని తెరకి సరిచేసే ప్రాసెసర్ తలా కాస్త టైము మింగుతాయి. అక్కర్లేని కన్వర్టర్ ఒకటి పీకేస్తే ఒక ఫ్రేము తగ్గింది. మిగతాది వదిలేశా. వెనక వాళ్లకి శబ్దమూ దాదాపు అంతే లేటుగా వెళ్తుంది కదా, జత కుదిరింది.

అంతా అయ్యాక ఆర్గనైజర్ గారొచ్చి చెయ్యి కలిపారు. "లైటింగ్ అదిరింది బాబూ!"

లైట్లు చూసింది వేరే కుర్రాడు.