బృంద బోధన ప్రాజెక్టు, బీఎడ్ పరీక్ష: పర్లాకిమిడి నుంచి నా అనుభవం

బీఎడ్‌లో చేరి, బృంద బోధన (ఒకే పాఠాన్ని కొందరు కలిసి చెప్పడం) ప్రాజెక్టు మొదలుపెట్టబోతున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజారులో రెండు భాషలూ, బడిలో ఒడియా. సరిహద్దుకు ఇటువైపు చదువుకునే తెలుగువాళ్ళలో చాలామంది పరిస్థితి ఇదే కనుక, నా అనుభవం ముందుగా వారికి ఉపయోగపడుతుందని నమ్ముతున్నాను.

గణిత బోధనా పద్ధతుల్లో మా బృందంలో నలుగురం ఉండేవాళ్ళం. ఆరో తరగతికి భిన్నాల సంకలనం చెప్పాలి. అందరూ చేసే పనే మేమూ చేశాం: నలభై నిమిషాల పీరియడును నాలుగు ముక్కలు చేసి, ఎవరి ముక్కకు వారు ఇంటి దగ్గర పాఠ్యపథకం రాసుకొచ్చాం. ఒకరు రొట్టె బొమ్మతో ఉపోద్ఘాతం చేశారు, ఇంకొకరు కాగితపు పట్టీ చూపించారు, నేను బోర్డు మీద లెక్క చేశాను, నాలుగో మిత్రురాలు మూల్యాంకనం తీసుకుంది. రొట్టెకూ పట్టీకీ, పట్టీకీ బోర్డు మీది అంకెలకూ సంబంధమేమిటో పిల్లలకు చెప్పినవారు లేరు. చివర్లో ఒకటి బై రెండుకు ఒకటి బై మూడు కలపమంటే, సగానికి పైగా పిల్లలు పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపి రెండు బై ఐదు అని రాశారు. దానికి తోడు నేను అలవాటు కొద్దీ కనిష్ఠ సామాన్య గుణిజాన్ని తెలుగులో క.సా.గు. అన్నాను. ఒడియా బడిలో దాన్ని ల.సా.గు. అంటారు. ఇదేదో కొత్త పాఠమా అని ముందు వరుసలోని అమ్మాయి పక్కమ్మాయిని మెల్లగా అడగడం నాకు వినిపించింది. ఆ తరగతిలో ఇంట్లో సవర అనే గిరిజన భాష మాట్లాడే పిల్లలు కూడా ఉన్నారు. వారికి ఒడియాయే రెండో భాష, నా నోట జారిన తెలుగు మాట మూడోది.

సూక్ష్మబోధనలో, అంటే ఒక చిన్న పాఠాన్ని చెప్పి, సరిదిద్దుకుని మళ్ళీ చెప్పే అభ్యాసంలో, బోధనకు ఆరు నిమిషాలు, ప్రతిపుష్టికి (లోటుపాట్లు చెప్పడానికి) ఆరు, పునఃప్రణాళికకు పన్నెండు, పునర్బోధనకు ఆరు, పునఃప్రతిపుష్టికి ఆరు, మొత్తం ముప్ఫై ఆరు నిమిషాలని మనమంతా పరీక్ష కోసం కంఠతా పట్టినవాళ్ళమే. అందులో పునఃప్రణాళికకే మిగతావాటికి రెండింతల సమయం ఎందుకిచ్చారో నాకు ఆ సాయంత్రమే అర్థమైంది. నలుగురం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే వస్తువును ఎంచుకున్నాం: ఆరు గళ్ళున్న కాగితపు పట్టీ. సగమంటే మూడు గళ్ళు, మూడో వంతంటే రెండు గళ్ళు, కలిపితే ఆరింటిలో ఐదు. ఉపోద్ఘాతం నుంచి మూల్యాంకనం వరకు అదే పట్టీ నలుగురి చేతులూ మారుతూ సాగింది. ఆరు గళ్ళే ఎందుకు, ఐదు గళ్ళుంటే కుదరదా అని అడిగి, పిల్లలే జవాబు చెప్పేదాకా ల.సా.గు. అన్న మాటను బోర్డు మీద రాయలేదు. రెండోసారి రెండు బై ఐదు అని రాసినవారు ముగ్గురే.

కాబట్టి పీరియడును పంచుకోవడానికి ముందు పాఠాన్ని అందరూ కలిసి రాయండి. ముందురోజు భాగాలు తారుమారు చేసుకుని ఒకసారి చెప్పి చూడండి. ఎవరి భాగాన్నైనా ఎవరైనా చెప్పగలిగితేనే అది బృంద బోధన అవుతుందని నా అభిప్రాయం.

థియరీ పేపర్లకు నేను విడిగా చదివింది తక్కువే. రెండేళ్ళ కోర్సులో మొదటి ఏడాది నాలుగు వారాలు, రెండో ఏడాది పదహారు వారాలు బడిలోనే గడుస్తాయి. సాయంత్రాలు రికార్డులకే సరిపోతాయి. అందువల్ల ప్రతి ఆదివారం, ఆ వారం తరగతిలో జరిగిన ఒక సంఘటనను ఉదాహరణగా తీసుకుని ఒక పాత ప్రశ్నకు జవాబు రాసేవాణ్ణి. పాఠ్యప్రణాళిక అంతటా భాష అన్న పేపరులో ల.సా.గు. సంగతి, మదింపు పేపరులో రెండు బై ఐదు అన్న పొరపాటు నాకు సొంత ఉదాహరణలయ్యాయి. మాతృభాషలో బోధన గురించి రాయవలసి వచ్చినప్పుడు, మా ఊళ్ళోనే ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు తయారుచేసిన గిడుగు వెంకట రామమూర్తి గారిని తలచుకోకుండా ఉండలేకపోయాను. ఆయన పేరు పరీక్షలో ఉపయోగపడుతుందని కాదు. ఆ పని ఎంత కష్టమో తరగతిలో నిలబడ్డాకే తెలిసింది.

మౌఖిక పరీక్షలో మూల్యాంకనం చేసిన మిత్రురాలిని, మీ పాఠం ఉపోద్ఘాతం ఏమిటని అడిగారు. ఆమె సంచిలోంచి ఆ పట్టీ తీసి బల్ల మీద పరిచి, మొదటి గడి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.