సిరిమాను కంటే ముందు వచ్చేవి

విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, అంటే పొడవాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే జాతర. మా అత్తగారి ఊరు అదే. నేను పెళ్లయిన కొత్తలోనే చూశాను గానీ, హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మా ఏడేళ్ల పాపకి మాత్రం ఇదే మొదటిసారి. ఊరేగింపు అంటే దానికి తెలిసింది వినాయక నిమజ్జనమే. "అమ్మవారు కూడా లారీ మీదే వస్తుందా నాన్నా?" అని రైలెక్కినప్పటి నుంచి ఒకటే గోల.

ముందురోజు సోమవారం తొలేళ్లు, అంటే జాతర ముందు జరిగే వేడుక. మూడు లాంతర్ల దగ్గర అమ్మవారి గుడి, చదురుగుడి చుట్టూ కాలు పెట్టే చోటు లేదు. చుట్టుపక్కల పల్లెల నుంచి, ఒడిశా వైపు నుంచి జనం వస్తూనే ఉన్నారు. పాపని ఎత్తుకునే దర్శనం చేసుకుని బయటపడ్డాం.

మంగళవారం కోటకి వెళ్లే దారిలో తెలిసినవాళ్ల డాబా ఎక్కి కూర్చున్నాం. ఎండకి పాప నీరసపడిపోతుందేమోనని నాకు టెన్షన్. దానికి మాత్రం అలాంటిదేమీ లేదు. పిట్టగోడ పట్టుకుని కిందకే చూస్తోంది.

టీవీలో అందరూ సిరిమాను ఒక్కటే చూపిస్తారు. అసలు కథంతా దాని ముందు నడిచేవాటిలో ఉందని నాకు ఆ రోజే తెలిసింది. బెస్తవారి వల రాగానే పాప అడిగింది, "ఇక్కడ నీళ్లే లేవు కదా, వల ఎందుకు?" అని. మా అత్తగారు దగ్గరకి లాక్కుని చెప్పారు: "అమ్మోరు పెద్దచెరువులో ఉండిపోతే పైకి తియ్యడానికి సాయం పట్టింది ఆళ్లేనే గుంటా. అందుకే ఆళ్ల వల ముందు నడవాలి."

చెరువులోకి ఎందుకెళ్లింది అని వెంటనే ఇంకో ప్రశ్న. 1757లో బొబ్బిలి యుద్ధం. విజయనగరం రాజు విజయరామరాజు చెల్లెలే పైడితల్లి అనీ, యుద్ధానికి వెళ్లొద్దని అన్నని బతిమాలిందనీ, అన్న చనిపోయాక పెద్దచెరువులో కలిసిపోయిందనీ చెబుతారు. "చెల్లి చెప్తే అన్నయ్య ఎందుకు వినలేదు?" అంది పాప. ఎవరం జవాబు చెప్పలేకపోయాం.

ఈలోగా తెల్ల ఏనుగు వచ్చింది. అది బొమ్మ ఏనుగే అయినా పాప రెండు చేతులూ ఊపింది. పాలధార, అంజలి రథం కూడా సాగాయి. అంజలి రథం మీద ఆడవేషం కట్టిన మగవాళ్లు అమ్మవారి పరిచారికలుగా ఉంటారు. అది చెబితే పాప నోరు తెరుచుకుని ఆ రథం వంకే చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత జనంలో ఒక్కసారిగా కేకలు. సిరిమాను! యాభై అడుగులకి తక్కువ ఉండని చింతమాను, దాని కొసన కట్టిన ఆసనంలో పూజారి. ఆయన్నే అమ్మవారిగా కొలుస్తారు. బండి కదిలినప్పుడల్లా ఆ కొస మెల్లగా కిందకీ పైకీ ఊగుతోంది. అన్ని వైపుల నుంచీ అరటిపళ్లు గాల్లోకి లేచాయి. మొక్కుకుని సిరిమాను మీదకి అరటిపండు విసరడం ఇక్కడి ఆచారం. పాప ఒక్కో పండుకీ దణ్ణం పెట్టుకుని మరీ విసిరింది. మొదటిది పిట్టగోడ దాటలేదు. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని విసిరించిన రెండోది వెళ్లి జనంలో పడింది.

ఆ మాను ఎక్కడుందో అమ్మవారే పూజారి కలలో కనిపించి చెబుతుందట. వెతికి, పూజ చేసి కొట్టి, హుకుంపేటకి తీసుకొచ్చి చెక్కుతారు. తమ చెట్టు సిరిమాను కావడం అదృష్టమని దాని సొంతదారులు సంతోషంగా ఇచ్చేస్తారు. ఇది విన్నాక మా పాప బెంగంతా మా అపార్ట్‌మెంట్‌లో చింతచెట్టు లేదనే.

సిరిమాను చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. కోట బురుజు మీద విజయనగరం రాజులైన పూసపాటి వంశం వాళ్లు కూర్చుని చూస్తారు. అన్న ఇంటికి చెల్లెలు వచ్చి పలకరించి వెళ్లడమే ఇదంతా అంటారు మా అత్తగారు.

పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఆ దారిలో ఏదో ఒక డాబా ముందే మాట్లాడి పెట్టుకోండి. కింద నిలబడితే వాళ్లకి పెద్దవాళ్ల వీపులు తప్ప ఏమీ కనపడవు. మధ్యాహ్నం భోజనాలు పెందలాడే ముగించి ఎక్కేయండి. అరటిపళ్లు ఎక్కువే కొనుక్కోండి. పైడితల్లి కథ మాత్రం ముందే చెప్పెయ్యకండి. వల కనిపించాక, వాళ్లు అడిగాక చెప్పండి.