లాలిపాట రాని సింగర్

తిరుమల కొండ కాలినడకన ఎక్కుతానని మొక్కుకున్నది నేనే, అలిపిరి దగ్గర ఆటో దిగగానే వెనక్కి తగ్గిందీ నేనే. 3,550 మెట్లు. కడుపుతో ఉన్నప్పుడు మొక్కేశాను, సిజేరియన్ అవుతుందని అప్పుడేం తెలుసు? "వచ్చేసారి నడుద్దాంలే, స్వామి ఎక్కడికీ పోడు" అన్నాడు మా ఆయన. స్టేషన్ నుంచి ఆ కాస్త దూరానికి ఆటో అతను మూడు వందలు గుంజాడు. మా విజయవాడలో అయితే సగం కూడా ఇచ్చేదాన్ని కాదు. చంకలో పదకొండు నెలల పిల్ల, భుజాన రెండు సంచులు ఉంటే బేరమాడే ఓపిక ఎవరికుంటుంది?

సప్తగిరి బస్సులో సీటు దొరికింది. రెండో ఘాట్ రోడ్డు మీద నాలుగు మలుపులు తిరిగిందో లేదో, పాప అందుకుంది. నా కూతురు కదా, గొంతుకి లోటు లేదు. పాలు వద్దంది, బిస్కెట్టు విసిరేసింది. ముందు సీటాయన రెండుసార్లు తిరిగి చూశాడు. మూడోసారి నిట్టూర్చాడు. పక్కనున్న పెద్దావిడ ఇక ఆగలేక, "నిద్రకి ఏడస్తా ఉండాది అమ్మణ్ణీ, లాలి పాడు" అంది.

నాకు లాలిపాట రాదు!

తొమ్మిదేళ్లుగా పాటే నా బతుకు. పెళ్లిళ్లలో సంగీత్‌లు, కాలేజీ ఫెస్టులు, సొంత డబ్బులతో చేసి యూట్యూబ్‌లో పెట్టిన నాలుగు పాప్ పాటలు. అన్నీ జనం లేచి గెంతేవే. నిద్రపుచ్చే పాట పాడేదాన్ని ఈ ఫీల్డ్‌లో షోకి ఎవరు పిలుస్తారు? ఇంట్లో పాపని పడుకోబెట్టేది మా అమ్మ. అమ్మ లేని రోజు ఫోన్‌లో ఎవరో పాడిన జోలపాట పెట్టి ఊపేదాన్ని. సింగర్ ఇంట్లో ఫోన్ పాడుతుందన్నమాట. ఆ కొండ మలుపుల్లో సిగ్నల్ కూడా లేదు.

అమ్మ పాడేది గుర్తు తెచ్చుకుందామంటే మొదటి లైను దగ్గరే ఆగిపోయింది. చివరికి నా పాటే ఎత్తుకున్నాను. షో ఆఖర్లో అందరినీ గెంతించే దరువు పాటని సగం స్పీడులో, కింది శ్రుతిలో. ఒక్క ఊపిరితో లాగే లైను రెండు చోట్ల తెగింది. ఆపరేషన్ తర్వాత పొట్ట కండరాలకి పట్టు రాలేదు, ఊపిరిని నిలబెట్టేవి అవే మరి. ఏడాదిగా గది తలుపేసుకుని ప్రాక్టీస్ చేసి ఏడుస్తున్నది ఈ తెగడం గురించే. పాపకి మాత్రం అది ఆటలా ఉన్నట్టుంది. తెగిన చోటల్లా తలెత్తి, తర్వాతది ఏదీ అన్నట్టు చూసింది. రెండో చరణం సగంలో నా భుజం మీద చొంగ కార్చుకుంటూ పడుకుంది.

"యాడిదమ్మా ఆ పాట?"

"స్టేజి పాటండీ."

"అదే అనుకుంటి. పైన సామికి దినామూ రాత్రి తాళ్లపాక అన్నమయ్యోళ్ల లాలి, తరిగొండోళ్ల హారతి. నీ బిడ్డకి డిస్కో!"

వెనక సీట్ల వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను గానీ కొంచెం మండింది. ఆవిడది తరిగొండ పక్క ఊరట, అందుకే ఆ గర్వం. దిగేదాకా ఆ తరిగొండ కవయిత్రి వెంగమాంబ కథే చెప్పింది. చిన్నప్పుడే భర్త పోయాడు, గుండు చేయించుకోమంటే చేయించుకోనంది, కొండెక్కి పద్యాలు రాసుకుంటూ ఉండిపోయింది. "మొగుడు లేడు, బిడ్డల్లేరు. నోట్లో పాట ఉండాది, అంతే. ఇప్పటికీ ఆమె పేరు చెప్పి ముత్యాల హారతి" అంది. ఆమె పోయింది 1817లో. నేను ఏడాది షోలు ఆపితే నా పేరు మర్చిపోయారని కుములుతున్నాను.

గుండు చేయించుకోనన్న ఆవిడ కథ విని, తిన్నగా కల్యాణకట్టకి వెళ్లి నా కూతురికి గుండు చేయించాను. ఐదు నిమిషాల పని, పదిహేను నిమిషాల ఏడుపు. ఏడాది లోపు పిల్ల ఉంది కాబట్టి సుపథం అనే ప్రత్యేక దర్శనం దారి దొరికింది. ఫోన్లు ముందే ఇచ్చేశాం. లోపల ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. ఎవరో "జరగండి, జరగండి" అన్నారు, అదొక్కటే గుర్తుంది. భోజనం వెంగమాంబ పేరున్న అన్నప్రసాద కేంద్రంలోనే. చక్కెర పొంగలి పాప నోట్లో రవ్వంత పెడితే ఇంకా కావాలని నా వేలు కొరికింది.

ఫోన్ తిరిగి చేతికొచ్చేసరికి ఈవెంట్ ఆర్గనైజర్ మెసేజ్ ఉంది. "డిసెంబర్ 31 షో ఉంది మేడమ్. మునుపటి ఎనర్జీ ఉంటుందా?" ఇదే మాట నిన్న చదివి ఉంటే, ఉంటుందండీ అని గబగబా అబద్ధం కొట్టేసేదాన్ని. బస్టాండులో నిలబడి టైప్ చేశాను. "పై స్థాయి పాటలు రెండు తగ్గిస్తాను. రేటు తగ్గించను. పాప, మా అమ్మ కూడా వస్తారు. స్టేజి పక్కన ఒక గది కావాలి." నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

కిందికి మొదటి ఘాట్ రోడ్డు. గుండు మీద చందనం ఆరిపోయి పాప చిరాకు పడుతోంది. ఈసారి ఏడుపు అందుకోకముందే నేను పాట అందుకున్నాను. మా ఆయన చెవి దగ్గరికి వంగి, "కాస్త మెల్లిగా పాడవే, డ్రైవర్ కూడా పడుకునేట్టున్నాడు" అన్నాడు.