ఆ పొలం ఎవరిది?

"ఆగు, వెనక్కి తిప్పు!" ముందు వరసలోని పెద్దావిడ ఒరొమో భాషలో కేకేసింది. నా పక్కనున్న సహోద్యోగి చెవిలో చెబితే గానీ నాకు అర్థం కాలేదు.

ఇవాళ సాయంత్రం, ఇథియోపియాలో మా యూనివర్సిటీకి దగ్గర్లో ఒక ఊరు. గోడకి కట్టిన దుప్పటి మీద చిన్న బ్యాటరీ ప్రొజెక్టర్. వీడియోలో పక్క ఊరి రైతమ్మ టెఫ్ విత్తనంలో ఇసుక కలిపి సాళ్లలో పోస్తోంది. పెద్దావిడ దిగుబడి ఊసే ఎత్తలేదు. "ఆ పొలం ఎవరిది? కూలీలు ఎంతమంది?" అంది.

టెఫ్ అంటే ఇక్కడివాళ్లు తినే ఇంజెరా అనే అట్టుకి పిండినిచ్చే ధాన్యం. గింజ మన గసగసాలంత కూడా ఉండదేమో. వెదజల్లితే హెక్టారుకి 25 కిలోలు దాటుతుంది, సాళ్లలో అయితే 5 చాలంటారు. కూలి ఖర్చు మాత్రం పెరుగుతుంది. ఆవిడకి లెక్క తెలుసు. ఒక మూల వేసి చూస్తుందట, మిగతా చేనంతా చల్లడమేనట. తెలివైన మనిషి!

ఇలా రైతులతోనే వీడియోలు తీయించే డిజిటల్ గ్రీన్ అనే సంస్థ 2006లో బెంగళూరులో, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో పుట్టింది. ఆంధ్రాలో ప్రకృతి వ్యవసాయం వీడియోల వెనక కూడా వీళ్లున్నారు. నేనేమో ఇంత దూరం వచ్చాక చూశా.

ఇథియోపియాలో 2014 నుంచి 8028 అనే ఉచిత నంబర్ కూడా ఉంది. అమ్హారిక్, ఒరొమో లాంటి భాషల్లో రికార్డు చేసిన సలహాలు వినొచ్చు. బాగానే ఉంది గానీ, ఇవాళ ఆ గుంపులో నాకు కనబడిన ఫోన్లన్నీ మగవాళ్ల చేతుల్లోనే. కలుపు తీసేవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు మరి.