మౌంట్ రోడ్డు పక్కనున్న విందు మందిరం

చెన్నైలోని రాజాజీ హాలును మనలో చాలామంది టీవీ తెర మీదే చూసి ఉంటారు. అన్నాదురై, కామరాజ్, ఎం.జి. రామచంద్రన్, జయలలిత, కరుణానిధి, ఇలా తమిళనాడు నాయకుల పార్థివ దేహాలను ప్రజల సందర్శనార్థం ఉంచిన చోటు అదే. ఎత్తైన మెట్లు, వాటి పైన స్తంభాల వరుస, కింద ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ దృశ్యం అందరికీ పరిచయమే. అయితే ఆ భవనాన్ని కట్టించింది విందులు, నాట్య వేడుకలు జరుపుకోవడానికనీ, దాని అసలు పేరు బాంక్వెటింగ్ హాల్ అనీ తెలిసినవారు తక్కువ.

1799లో శ్రీరంగపట్నం కోట పడి, టిప్పు సుల్తాన్ మరణించిన నాటికి మద్రాసు గవర్నరుగా ఉన్నవాడు ఎడ్వర్డ్ క్లైవ్. ప్లాసీ యుద్ధం గెలిచిన రాబర్ట్ క్లైవ్‌కు ఇతడు కొడుకు. గవర్నరు నివాసమైన గవర్నమెంట్ హౌస్ ఆవరణలోనే విడిగా ఈ మందిరాన్ని కట్టించాడు. 1802 నాటికి పని పూర్తయింది. గ్రీకు దేవాలయాల పద్ధతిలో భవనానికి ముందూ వెనకా త్రికోణాకారపు శిరోభాగాలు పెట్టి, ఒకదాన్ని 1757 నాటి ప్లాసీ విజయానికీ, రెండోదాన్ని శ్రీరంగపట్నం విజయానికీ గుర్తుగా అలంకరింపజేశారు. అంటే భవనానికి ఒక చివర తండ్రి గెలుపు, మరో చివర కొడుకు ఏలుబడిలో దక్కిన గెలుపు అన్నమాట. ఆ రెండో గెలుపులో ఎడ్వర్డ్ స్వయంగా కత్తి పట్టిందేమీ లేదు, కానీ గోడలకు ఆ సంగతి చెప్పనక్కరలేదు కదా!

ఈ కట్టడం లేచిన ఆ కొద్ది సంవత్సరాలను తెలుగువారు మరికాస్త శ్రద్ధగా చూడాలని నా అభిప్రాయం. 1800లో నిజాం వదులుకున్న దత్త మండలాలు, అంటే నేటి రాయలసీమలో అధిక భాగం, ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. 1801లో కర్ణాటక నవాబు పాలనాధికారం కూడా పోయింది. ఆ నవాబు ఉండే చేపాక్ మహలు ఈ హాలుకు కూతవేటు దూరంలోనే ఉంది. దక్షిణాన పాలెగాళ్ల తిరుగుబాట్లను అణచివేసిందీ ఆ రోజుల్లోనే. ఒకప్పుడు వర్తకానికి వచ్చిన కంపెనీ ఇక తానే ప్రభువునని చాటుకోవడానికి, కోట గోడల లోపల కాకుండా బయట బహిరంగంగా, దేవాలయమంత ఠీవిగా ఒక సభాగృహం కట్టుకున్నదని ఈ తేదీలను పక్కపక్కన పెట్టుకుంటే తెలిసిపోతుంది.

నిర్మాణానికి రూపకల్పన చేసిన జాన్ గోల్డింగ్‌హామ్ వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రజ్ఞుడు, మద్రాసు అబ్జర్వేటరీకి అధిపతి. 1802లోనే ఆయన మద్రాసు రేఖాంశాన్ని ఆధారంగా చేసుకుని స్థానిక కాలమానాన్ని స్థిరపరిచాడు. గ్రీనిచ్ కన్నా సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందుండే ఆ మద్రాసు టైమునే తరువాతి కాలంలో దేశంలోని రైళ్లకు వాడారు. సెయింట్ జార్జి కోటలోనూ, సెయింట్ థామస్ మౌంట్ మీదా పేల్చే ఫిరంగుల చప్పుడు ఎంతసేపటికి వినిపిస్తుందో లెక్కగట్టి ధ్వని వేగాన్ని కొలిచిందీ ఆయనే. ఈ సంగతి హాలుకు నేరుగా సంబంధించినది కాకపోయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

భవనం నేల మీద నేరుగా నిలబడదు. ఎత్తైన కింది అంతస్తును పీఠంగా చేసి, అసలు హాలును దాని మీద కూర్చోబెట్టారు; అందువల్ల పైకి చేరడానికి విశాలమైన మెట్ల వరుస అవసరమైంది. చుట్టూ ఉన్నవి ఆడంబరం తక్కువగా ఉండే టస్కన్, డోరిక్ తరహా స్తంభాలు. ఇవి చలువరాతివి అనుకుంటారు గానీ, ఆనాటి మద్రాసు భవనాల మెరుపంతా గుల్లసున్నం మహిమే. సముద్రపు గుల్లలను కాల్చి తీసిన సున్నాన్ని నానబెట్టి, మెత్తగా నూరి, పూత మీద పూత వేస్తూ, చివరి పూతలో కోడిగుడ్డు తెల్లసొన వంటివి కలిపి, ఆరేలోపే నున్నటి రాయితో గంటల తరబడి రుద్దేవారు. ఇటుక కట్టడం అద్దంలా మెరిసేది. దూరం నుంచి గ్రీకు ఆలయంలా కనిపించే దాని పైపూత మాత్రం ఈ తీరపు మేస్త్రీల చేతి పనితనం. 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో చుట్టూ కమానులు, వరండాలు చేర్చారు. ఎండకూ వానకూ అవి పనికివచ్చిన మాట నిజమే, కానీ తొలి రూపంలోని సూటిదనం వాటి వెనక కొంత దాగిపోయిందనిపిస్తుంది.

విందుల కాలం గడిచాక ఇక్కడ శాసనసభ కొలువుదీరింది. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రధానిగా (నేటి ముఖ్యమంత్రి వంటి పదవి) ఉన్న కాలంలో, 1938, 1939 సంవత్సరాల్లో, అసెంబ్లీ సమావేశాలు ఈ హాల్లో జరిగాయి. స్పీకరు మన బులుసు సాంబమూర్తి. రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం. కంపెనీ విజయానికి గుర్తుగా కట్టిన కప్పు కింద, ఆ కంపెనీ వారసుల చెరసాలలను చూసి వచ్చినవారు శాసనాలు చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలోకి దేశాన్ని అడగకుండా లాగినందుకు నిరసనగా 1939 అక్టోబరులో ఆ మంత్రివర్గం రాజీనామా చేసింది. స్వాతంత్ర్యం తరువాత, 1948లో రాజాజీ గవర్నర్ జనరల్ అయ్యాక, హాలుకు ఆయన పేరే పెట్టారు.

అంతిమ దర్శనాలకు ఇదే చోటు ఎందుకు స్థిరపడిందంటే, నా మటుకు నాకు జవాబు ఆ మెట్లలోనే దొరుకుతుంది. బండి దిగిన అతిథి అందరి కళ్ల ముందూ పైకి ఎక్కాలన్న ఉద్దేశంతో వేసిన మెట్లవి. ఎత్తున ఉన్నదాన్ని కింద నిలుచున్న వేలమంది ఒకేసారి చూడగలగడమే ఆ అమరికలోని కీలకం. గవర్నరు గారి దర్జాకు పనికివచ్చిన ఎత్తే, నాయకుడి కడచూపు కోసం వచ్చిన సామాన్యుడికీ పనికివచ్చింది.

అదే ఆవరణలో ఉన్న పాత గవర్నమెంట్ హౌస్‌కు ఇంత అదృష్టం లేదు. కొత్త శాసనసభ, సచివాలయ భవనం కోసం దాన్ని కూల్చివేశారు. 2010లో ప్రారంభమైన ఆ కొత్త భవనం ప్రభుత్వం మారాక సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి అయింది. గవర్నరు ఇల్లు పోయి, ఆయన విందుల గది మాత్రం వారసత్వ కట్టడంగా మిగిలింది.